దారి చూపు యంత్రము - దిక్కెరిగిన మనిషి

క్రొత్త ఊరికి పోవువాడు దారి అడుగుట లోకసహజము. రచ్చబండపై కూర్చున్న పెద్దను అడిగినచో, "చెరువుగట్టు వెంబడి పోయి, రావిచెట్టు దాటిన పిమ్మట ఎడమచేతి వైపు తిరుగుము నాయనా" అని చెప్పెడివాడు. ఆయన తెలిసి చెప్పుచున్నాడో, ఊహించి చెప్పుచున్నాడో ముఖము చూచి కనిపెట్టగలిగెడివారము. అనుమానము కలిగినచో నాలుగడుగులు ముందుకు పోయి మరియొకరిని అడిగెడివారము. నేడు ఆ పెద్దమనిషి స్థానమున చేతిలోని స్మార్టుఫోను నిలిచినది. "రెండు వందల మీటర్ల తరువాత కుడివైపునకు తిరుగుము" అని అది మలుపు మలుపునకు చెప్పును. చెప్పినందుకు దమ్మిడీ పుచ్చుకొనదు. అర్ధరాత్రి అడిగినను విసుగుకొనదు. కాని నిశ్చయముగా తెలిసిన దారినైనను, తప్పుగా తెలిసిన దారినైనను ఒకే కంఠస్వరముతో చెప్పును.

ఈ సాధనమును నిందించుట నా ఉద్దేశము కాదు. పోటీ పరీక్ష వ్రాయుటకు పరాయి పట్టణమునకు తొలిసారి పోవు పల్లెటూరి విద్యార్థినికి అది చేయు ఉపకారము చిన్నది కాదు. రోగిని మోసికొని పోవు అంబులెన్సు డ్రైవరునకు అది ప్రాణమిత్రము. నేను విచారింపదలచిన ప్రశ్న వేరు. ఈ దారి చూపువాడు మన సేవకుడు కాడు. ఎక్కడనో ఉన్న ఒక సంస్థ వాని యజమాని. అప్‌డేటు అను పేరుతో ఆ యజమాని వానిని రాత్రికి రాత్రి మార్చివేయగలడు. అట్లు మార్చినప్పుడు మనము ఏమి చేయవలెను? వచ్చిన ప్రతి మార్పును కన్ను మూసికొని స్వీకరింపవలెనా? లేక పాతదే మేలని భీష్మించుకొని కూర్చుండవలెనా?

ఈ రెండు మార్గములును ప్రమాదకరములే యని నా అభిప్రాయము. ఒకే సంస్థవారి ఫోనుల చరిత్రలో జరిగిన రెండు సంఘటనలు దీనికి సాక్ష్యము చెప్పును. 2012లో అప్‌డేటు చేసికొనినవారు దారి తప్పిరి. 2019లో అప్‌డేటు చేసికొననివారికి దారి తప్పు గతి పట్టనుండెను. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఉపాధ్యాయులకును, విద్యార్థులకును ఉపకరించు పాఠము లభించును.

ముందుగా ఒక అపోహ తొలగవలెను. ఉపగ్రహమే మనకు దారి చూపుచున్నదని తలంచువారు పలువురు కలరు. ఉపగ్రహమునకు మన ఊరు తెలియదు, మన వీథి తెలియదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచుండు అమెరికావారి జీపీయస్ ఉపగ్రహములు ఈ విషయమున చేయు పని ఒక్కటే. తామెచ్చట నున్నవో, తమ గడియారమున వేళ ఎంతైనదో ఎడతెగక చాటుచుండుటయే ఆ పని. ఫోను కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములను అందుకొని, అవి తన్ను చేరుటకు పట్టిన కాలమును బట్టి తానున్న చోటును లెక్కగట్టుకొనును. ఇది మొదటి మెట్టు. ఆ చోటు ఏ ఊరిలో, ఏ వీథిలో ఉన్నదో చెప్పునది పటము. దానిని తయారు చేసినవారు భూమిమీది మనుష్యులు. ఇది రెండవ మెట్టు. ఇచ్చటి నుండి అచ్చటికి ఏ దారిన పోవుట మేలో తేల్చునది గణితము. ఇది మూడవ మెట్టు. గడియారము, పటము, గణితము అను ఈ మూడింటిలో ఏ యొక్కటి తప్పినను ప్రయాణికుడు దారి తప్పును. వీనిని సరిదిద్దుటకే అప్‌డేటులు అవసరమగుచున్నవి.

దారి చెప్పు గ్రంథములు మన సాహిత్యమునకు క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము నుండి బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తాలు చూచుకొని 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి వచ్చిరి. దారి పొడవునను బాటలు ఎట్లున్నవో, ఏ నది ఎచ్చట దాటవలెనో, దిగుటకు వసతియు, త్రాగుటకు నీరును ఎచ్చట దొరకునో దినచర్యగా వ్రాసికొనిరి. ఆ 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చుపడినది. అచ్చుపడిన పుస్తకమునకు ఒక గుణము కలదు. యాత్రికుడు సత్రములో నిద్రించి లేచునప్పటికి అందులోని మాటలు మారిపోవు. దానికి ఒక లోపమును కలదు. బాట కొట్టుకొనిపోయినను, క్రొత్త వంతెన వచ్చినను, రైలు పడినను ఆ పుస్తకమునకు తెలియదు. ఫోనులోని పటము విషయమున ఈ గుణదోషములు తారుమారైనవి. అది లోకముతోపాటు మారగలదు. కాని మనకు చెప్పకయే మారగలదు.

అది ఉచితముగా మన చేతికి వచ్చిన కథ కూడ తెలియదగినదే. 1983 సెప్టెంబరు 1న దారి తప్పి సోవియట్ గగనతలములోనికి పోయిన కొరియా ప్రయాణికుల విమానమును ఆ దేశపు యుద్ధవిమానము కూల్చివేయగా 269 మంది మరణించిరి. అప్పటివరకు సైన్యము కొరకు నిర్మించుచున్న జీపీయస్ సౌకర్యమును పూర్తియైన పిమ్మట సామాన్య ప్రజలకును అందింతుమని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వము ప్రకటించినది. ప్రజల కందు సంకేతములో బుద్ధిపూర్వకముగా కలిపిన దోషమును 2000 మే నెలలో తొలగించిరి. ఐనను మలుపు మలుపునకు దారి చెప్పు పరికరమును వేరుగా కొనవలసియే యుండెను. పటమును క్రొత్తదానితో మార్చుకొనుటకు తరచు మరల సొమ్ము చెల్లింపవలసియుండెను. 2009 అక్టోబరులో గూగుల్ సంస్థ తన ఆండ్రాయిడ్ ఫోనులలో ఈ సౌకర్యమును అమెరికాలో ఉచితముగా ఇచ్చుచున్నట్లు ప్రకటింపగా, ఆ దినముననే అట్టి పరికరములమ్ము గార్మిన్, టామ్‌టామ్ సంస్థల షేర్లు కూలినవి. 2010 జనవరిలో నోకియా సంస్థయు తన ఫోనులలో ఉచితముగనే ఇచ్చినది. మన తీరమున గల శ్రీహరికోట నుండి 2013 జులై 1న లేచిన ఉపగ్రహముతో భారతదేశపు సొంత ఏర్పాటైన నావిక్‌నకు అంకురార్పణ జరిగినది.

ఉచితమన్న మాటను కూడ ఒకసారి తరచి చూడవలెను. ఏ రోడ్డుమీద బండ్లు క్రిక్కిరిసి యున్నవో యాప్ ఎట్లు చెప్పగలుగుచున్నది? ఆ రోడ్డున పోవు ఫోనులు తమ వేగమును దానికి తెలుపుచుండుటచేత. అనగా దారి అడుగువాడే దారిని గూర్చి వార్త చేరవేయుచున్నాడు. 2020లో సైమన్ వెకర్ట్ అను జర్మను కళాకారుడు 99 ఫోనులను ఒక చిన్న తోపుడుబండిలో పేర్చుకొని బెర్లిన్ వీథులలో మెల్లగా నడచెను. వీథి ఖాళీగా నున్నను గూగుల్ పటమున అది ఎర్రని గీతగా మారి, రాకపోకలు స్తంభించినట్లు చూపినది. మన కదలికయే ఆ పటమునకు ముడిసరుకు. ఆ పటము ప్రక్కననే వ్యాపారుల ప్రకటనలును కనబడుచుండును. కావున మనము ఏమియు చెల్లింపకయే పొందుచున్న దానమని దీనిని తలంచి మారు పలుకకుండుట తగదు. మనమును ఇచ్చుచున్నాము. కాబట్టి అడుగు హక్కు మనకు కలదు.

ఇక 2012 నాటి సంగతి. ఆపిల్ సంస్థవారి ఐఫోనులో 2007 నుండియు గూగుల్ వారి పటమే ఉండెను. కాని ఆండ్రాయిడ్ ఫోనులలో వలె మలుపు మలుపునకు నోటితో దారి చెప్పు సౌకర్యము అందు లేకుండెను. 2012 సెప్టెంబరు 19న ఆపిల్‌వారు ఐఓయస్ 6 అను క్రొత్త సాఫ్టువేరును విడుదల చేసిరి. దానిని ఎక్కించుకొనిన ఫోనులలో గూగుల్ పటము మాయమై, ఆపిల్‌వారి సొంత పటము వచ్చి కూర్చున్నది. దారి చెప్పు కంఠము ఉచితముగా వచ్చినది. కాని ఆ పటము ఇంకను పండని కాయ. వంతెనలు వంగిపోయి కనబడినవి. ఊళ్లు తమ చోట్లు విడిచి జరిగినవి. పాత పటములో ఉండిన బస్సు, రైలు మార్గముల సూచనలు క్రొత్తదానిలో లేకపోయినవి. పాత ఐఫోను 4, 3జీయస్ గలవారి స్థితి మరియు విచారకరము. వారి పాత పటము పోయినది, క్రొత్త కంఠము మాత్రము రాలేదు. తిరిగి పాత సాఫ్టువేరునకు పోవుటకు సామాన్యునికి మార్గము లేదు.

విడుదలైన తొమ్మిదవ దినమున, అనగా సెప్టెంబరు 28న, ఆపిల్ సంస్థ అధిపతి టిమ్ కుక్ బహిరంగముగా క్షమాపణ చెప్పుచు లేఖ వ్రాసెను. తమ పటము బాగుపడువరకు ఇతర సంస్థల పటములను వాడుకొనుడని, వాని పేర్లతో సహా సూచించెను. తప్పును ఒప్పుకొనుట పెద్దరికమునకు లక్షణము. ఆ మేరకు ఆయనను మెచ్చుకొనవలెను. కాని లేఖ చదువనివాని గతి ఏమి?

ఆ గతి ఏమగునో ఆస్ట్రేలియాలో తేలినది. విక్టోరియా రాష్ట్రమున, ముర్రే నదీతీరమున మిల్డురా అను పట్టణము కలదు. 2012 డిసెంబరులో ఆ పట్టణమునకు పోవలెనని ఫోనును నమ్మి బయలుదేరిన కొందరు, పట్టణమునకు సుమారు 70 కిలోమీటర్ల దూరమున ముర్రే-సన్‌సెట్ జాతీయవనము నడుమ చిక్కుపడిరి. అచ్చట నీరు దొరకదు. వేసవిలో ఎండ 46 డిగ్రీలకు పోగలదు. దక్షిణార్ధగోళమున డిసెంబరు వేసవి మాసమని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. కొందరు 24 గంటల వరకు అన్నపానములు లేక చిక్కుకొనిరనియు, ఫోను సంకేతమందు చోటు కొరకు ప్రమాదకరమైన నేలమీద చాల దూరము నడచిరనియు అక్కడి పోలీసులు ప్రకటించి, ప్రజలను హెచ్చరించిరి. పిమ్మట ఆపిల్‌వారు ఆ తప్పును దిద్దిరి. డిసెంబరు 13న గూగుల్‌వారు ఐఫోను కొరకు ప్రత్యేకముగా తమ యాప్‌ను, దారి చెప్పు కంఠముతో సహా, విడుదల చేయగా రెండు దినములలో కోటి మంది దానిని దింపుకొనిరి.

ఆ తప్పునకు కారణము మన ఉపాధ్యాయులకు ఆసక్తికరముగా ఉండును. ఆస్ట్రేలియా ప్రభుత్వపు స్థలనామసూచికలో మిల్డురా అను పేరు రెండు చోట్ల ఉన్నది. ఒకటి పట్టణము. రెండవది ఆ పేరుగల పాలనాప్రాంతము, మన జిల్లా వంటిది. ఆ విశాల ప్రాంతమును సూచించు చుక్క పట్టణమునకు దూరముగా, వనము నడుమ పడినది. మన దేశపు ఉదాహరణము చెప్పవలెనన్నచో, కర్నూలు పట్టణము తుంగభద్ర ఒడ్డున, కర్నూలు జిల్లా ఈశాన్యపు అంచున ఉన్నది. జిల్లా పటమునకు నట్టనడుమ చుక్క పెట్టి "ఇదియే కర్నూలు" అని చెప్పినచో, కొండారెడ్డి బురుజు చూడవచ్చినవాడు నల్లరేగడి చేల నడుమ దిగవలసివచ్చును. ఆకాశమునందలి ఉపగ్రహములు ఏ తప్పును చేయలేదు. ఫోను గడియారమును తప్పలేదు. తప్పినది పటము. అందును తప్పినది ఒక పేరు. ఒక పేరునకు రెండు అర్థములున్నవని తెలిసిన తెలుగు మాస్టరు పట్టుకొనగల తప్పు అది.

మనవారిలో ఒక సామెత కలదు: ఎద్దు ఈనినదనగా దూడను కట్టివేయుమన్నట్లు. ఆ ప్రయాణికులను పరిహసించుటకు దీనిని చెప్పుటలేదు. వారి స్థానమున మనమున్నను అట్లే పోయియుందుము. నదీతీరపు పట్టణమునకు పోవుచు, గంటల తరబడి నది జాడ లేదే, రోడ్డు మట్టిబాటయైనదే, ఎదురువచ్చు బండి లేదే అని ఒక్క క్షణము శంకించుటకు మనస్సులో ఒక చిన్న పటము ముందుగనే ఉండవలెను. అది లేనివానికి తెరమీది పటమే లోకము.

ఈ కథ విని, "అందుచేతనే నేను అప్‌డేటు చేయను, పాతదే బంగారము" అనువారు కలరు. వారు 2019 నాటి సంగతిని వినవలెను.

2012 సెప్టెంబరు 21న, ఆ ఐఓయస్ 6తోనే, ఐఫోను 5 అంగడికి వచ్చినది. ఏడేండ్ల పిమ్మట, 2019 అక్టోబరులో, ఆ ఫోను గలవారిని ఆపిల్‌వారు హెచ్చరించిరి. నవంబరు 3వ తేదీకి ముందుగా అప్‌డేటు చేసికొననిచో ఆ ఫోను తానున్న చోటును సరిగా తెలిసికొనజాలదు. తేదీ తప్పుటచేత ఈ-మెయిలు, ఇంటర్నెట్టు వంటి పనులును నిలిచిపోవును. గడువు దాటినచో ఫోను తనంతట తాను అప్‌డేటును దింపుకొనుట కూడ సాధ్యపడదు, కంప్యూటరునకు తగిలించియే బాగుచేసికొనవలెను. అంతకు పూర్వపు ఐఫోను 4యస్ మొదలగు కొన్నింటికిని ఈ యాపద కలిగినది.

దీనికి కారణము గడియారము. జీపీయస్ సంకేతము తేదీని మన వలె సంవత్సరము, నెల, దినము అని చెప్పదు. 1980 జనవరి 6 మొదలు ఎన్నవ వారమో చెప్పును. ఆ వారముల సంఖ్యకు మొదట కేటాయించిన చోటు చిన్నది. 0 నుండి 1023 వరకు లెక్కించి, మరల 0 దగ్గరకు వచ్చును. 1,024 వారములనగా పందొమ్మిదిన్నర యేండ్లకు పైమాట. 1999 ఆగస్టులో ఒక ఆవృత్తియు, 2019 ఏప్రిల్‌లో రెండవ ఆవృత్తియు ముగిసినవి. ప్రస్తుతము ఏ ఆవృత్తి నడచుచున్నదో ఫోనులోని సాఫ్టువేరు స్వయముగా ఎరిగియుండవలెను. ఆ పాత ఫోనులలో ఆ ఎరుక నవంబరు 3తో చెల్లిపోవునట్లుండెను.

ఇది తెలుగువారికి బోధపడని విషయము కాదు. ప్రభవ మొదలు అక్షయ వరకు మనకు అరువది సంవత్సరములు. 'ప్లవ' అని మాత్రమే చెప్పినచో అది 1961లో మొదలైన ప్లవయా, 2021లో మొదలైన ప్లవయా? శక సంవత్సరము చెక్కక, ప్లవ అని మాత్రమే చెక్కిన శాసనము దొరికినప్పుడు చరిత్రకారులు లిపిని బట్టి, రాజుల పేర్లను బట్టి అది ఏ ఆవృత్తిదో ఊహింపవలసివచ్చును. నవీకరింపని ఫోను అట్టి చిక్కులోనే పడును. ఉపగ్రహము పలికిన వారపు సంఖ్య సరియే. పటము సరియే. ఆవృత్తి తెలియకపోవుటచేత లెక్క అంతయు తప్పును. 2012లో పటము తప్పినది, 2019లో కాలము తప్పబోయినది. మొదటి తప్పు అప్‌డేటు వలన వచ్చినది. రెండవదానికి అప్‌డేటే మందు.

కావున అప్‌డేటు దైవాజ్ఞయు కాదు, దయ్యపు పనియు కాదు. అది ఒక పరాయివాడు మన ఇంటిలోని వస్తువును మార్చుటకు అడుగు అనుమతి. చదువుకొనినవాడు చేయవలసినది ఆ అనుమతి పత్రమును చదివి సంతకము చేయుట. ఏమి మారుచున్నది, ఏమి పోవుచున్నది, ఏ దోషము దిద్దబడుచున్నది అను విషయములు సామాన్యముగా దానితోపాటు వ్రాయబడియుండును. భద్రతకు సంబంధించిన దిద్దుబాట్లను వాయిదా వేయరాదు. దొంగలు ప్రవేశించు సందును మూయుట వానిలోని పని. ఫోను ముఖమే మారిపోవునంతటి పెద్ద మార్పు వచ్చినప్పుడు మాత్రము ముఖ్యమైన వానికి ప్రతి తీసి దాచుకొనవలెను. రేపు ఉదయము పరీక్షకో, పెండ్లికో ప్రయాణమున్నచో నేటి రాత్రి అట్టి మార్పు చేయరాదు. నాలుగు దినములు ఆగి, ఇతరుల అనుభవము వినుట పిరికితనము కాదు.

ఇందు ప్రజలవైపు నుండి ఒక న్యాయమైన కోరికయు కలదు. అప్‌డేటు చేసికొనుటకు మనము సిద్ధముగా నున్నను, తయారు చేసినవారు ఇచ్చుట మానివేసినచో ఏమి చేయగలము? తండ్రి కష్టార్జితముతో కొనిన ఫోను, కొంతకాలమునకు కుమార్తె చదువునకు వచ్చును. ఆమె చేతికి వచ్చునప్పటికి దానికి అప్‌డేటులు ఆగిపోయియుండవచ్చును. అద్దము పగులలేదు, బ్యాటరీ చావలేదు, వస్తువు మాత్రము ముసలిదైనది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము, ఒక రకపు ఫోను అమ్మకము ముగిసిన పిమ్మట కనీసము ఐదేండ్లు దానికి సాఫ్టువేరు అప్‌డేటులు అందవలెను. అట్టి హామీని మన దేశమునను చట్టబద్ధముగా కోరుట న్యాయము. ఫోనును కొనునప్పుడు కెమెరా ఎట్టిదని అడుగు మనము, అప్‌డేటులు ఎన్నేండ్లు వచ్చునని అడుగుట కూడ నేర్చుకొనవలెను.

కాని సంస్థలు చేయవలసినది, ప్రభుత్వములు చేయవలసినది ఎంత ఉన్నను, పాఠశాల చేయవలసినది మిగిలియే యున్నది. ఇక్కడ నాకు ఒక ఆక్షేపణ వినబడుచున్నది. "కాల్కులేటరు వచ్చిన పిమ్మట ఎక్కములెందుకు? యాప్ ఉండగా దిక్కులెందుకు?" అని కొందరు అడుగుదురు. ఎక్కములు వచ్చినవాడు కాల్కులేటరులో ఒక సున్న ఎక్కువ పడినచో వెంటనే ఉలికిపడును. రానివాడు ఆ సొమ్ము చెల్లించి ఇంటికి పోవును. దిక్కుల విషయమును ఇంతియే. యంత్రమును మానివేయుటకు కాదు, యంత్రము తప్పినప్పుడు తెలిసికొనుటకు ఈ విద్య కావలెను.

దానికి పెద్ద ఖర్చు లేదు. ఆరవ తరగతి పిల్లలను మధ్యాహ్నపు ఎండ తగ్గిన పిమ్మట బడి ఆవరణమునకు తీసికొనిపోయి, సూర్యుని బట్టి దిక్కులు గుర్తింపజేయవచ్చును. ఇంటి నుండి బడికి వచ్చు దారిని, ఫోను చూడకుండ, కాగితముపై గీయుమనవచ్చును. 1767లో ఏర్పడిన భారత సర్వేక్షణ శాఖవారి 1:50,000 ప్రమాణపు పటములలో 2 సెంటీమీటర్లు నేలమీద 1 కిలోమీటరుతో సమానము. ఆ లెక్కను గణితపు మాస్టరు చెప్పవచ్చును. చెరువునకు, వాగునకు, దిబ్బకు, డొంకకు ఊరిలో ఏ పేర్లున్నవో ముసలివారినడిగి తెలిసికొని రమ్మని తెలుగు మాస్టరు చెప్పవచ్చును. పిదప పిల్లలు గీసిన పటమును ఫోనులోని పటముతో పోల్చి చూచినచో అసలైన పాఠము మొదలగును. ఏది ఎక్కువ? ఏది తక్కువ? ఎవరిది తప్పు?

అట్లు బయటపడిన తప్పును దిద్దుటకును వీలున్నది. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ ఆరంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను పటము ఎవరైనను దిద్దదగినది, ఎవరైనను వాడుకొనదగినది. 2010 జనవరిలో హైతీ దేశమున భూకంపము వచ్చినప్పుడు, లోకము నలుమూలల నుండి స్వచ్ఛంద సేవకులు ఉపగ్రహ ఛాయాచిత్రములను చూచి, ఆ దేశపు రాజధాని వీథులను ఆ పటముపై గీసియిచ్చి సహాయకులకు దారి చూపిరి. ఆ పటమున ఊరి పేరును తెలుగు లిపిలో వ్రాయు ఏర్పాటును కలదు. ఇంగ్లీషు అక్షరములలోనికి పోయి తిరిగి వచ్చునప్పటికి మన ఊళ్ల పేర్లలో ళ, ణ లు మాసిపోవుచున్నవి, దీర్ఘములు కురుచలగుచున్నవి. ఆ ఊరి పేరు సరిగా పలుకగల పిల్లవాని కంటె దానిని దిద్దుటకు అర్హుడెవడు? ఐతే ఒక జాగ్రత్త. పటముపై వ్రాయునది ఊరి పేర్లును, బాటలును మాత్రమే. ఏ ఇల్లు ఎవరిదో, ఎవరు ఎప్పుడు ఎచ్చట ఉందురో వ్రాయరాదని పిల్లలకు ముందుగనే చెప్పవలెను.

దూరప్రయాణమునకు పోవునప్పుడు పిల్లలకు మరి రెండు అలవాట్లు నేర్పవలెను. ఒకటి, బయలుదేరుటకు పూర్వమే పటము మొత్తమును చూచి, పోవు ఊరు ఏ దిక్కున ఉన్నదో, నడుమ ఏ నది తగులునో, ఏ పట్టణములు వచ్చునో మనస్సున పెట్టుకొనుట. రెండు, సంకేతమందని చోట్ల పనికివచ్చుటకై ఆ ప్రాంతపు పటమును ముందుగనే ఫోనులో దింపుకొని ఉంచుకొనుట. ఈ రెండింటికిని పట్టు కాలము పది నిమిషములు.

పటములు ఇంకను మారుచుండును. మేలైనవి వచ్చును. వానిని ఆనందముగా స్వీకరింతము. కాని మట్టిబాట మొదలైన చోట బండి ఒక క్షణము ఆపి, "నది ఏ వైపున ఉండవలెను?" అని తన్ను తాను ప్రశ్నించుకొనగల విద్యార్థిని తయారు చేయుట ఏ అప్‌డేటు వలనను కాదు. అది బడిలో జరుగవలసిన పని. ఆ ప్రశ్నకు సమాధానము తోచనప్పుడు, అద్దము దించి, ప్రక్క చేనిలో పని చేసికొనుచున్న వానిని "అన్నా, ఈ దారి ఎక్కడికి పోవును?" అని అడుగుటకు సిగ్గుపడవద్దని కూడ అక్కడనే చెప్పవలెను.